సగం చదివిన అర్జీ

బడి పక్కన ఇల్లున్న వాళ్ళకు గడియారం అక్కర్లేదని మా మామగారు అనేవారు. నిజమే. తొమ్మిదికి మొదటి గంట, తొమ్మిదింపావుకు ప్రార్థన, పన్నెండున్నరకు అన్నం గంట. కుక్కరు ఎప్పుడు దించాలో, మా ఆయనకు కొట్టుకు క్యారియరు ఎప్పుడు పంపాలో ఆ గంటలే చెప్పేవి. లాభాలు ఇంకా ఉన్నాయి. మేడ మీద వాటా ఖాళీ అయితే వారం తిరక్కుండా ఎవరో ఒకరు దిగుతారు. ఓట్ల రోజున నాలుగడుగులు వేస్తే పోలింగ్ బూత్. ఎక్కాలు మరిచిపోదామన్నా కుదరదు. పన్నెండో ఎక్కంలో పిల్లలంతా ప్రతి ఏడూ తడబడే చోటు ఒకటుంది. అక్కడికి వచ్చేసరికి నేను వంటింట్లోంచి గట్టిగా అందించేదాన్ని.

నష్టాలంటారా, తీరిగ్గా కూర్చోండి, చెబుతాను. వాళ్ళ బంతి ఊరంతా వదిలేసి మా తులసి కుండీలోనే పడుతుంది. కాలింగ్ బెల్ నొక్కి పారిపోతారు. నేరేడు గింజలన్నీ మా అరుగు మీదే ఉమ్ముతారు. పిల్లల్ని దింపడానికి వచ్చే తండ్రులు బండి తెచ్చి సరిగ్గా మా గుమ్మానికి అడ్డంగా నిలబెట్టి, 'ఒక్క నిమిషం' అని చెయ్యి చూపిస్తారు. ఆ నిమిషం ఎంతకూ అవదు.

ఆ కార్పొరేషన్ బడికి రెండు గేట్లు. పెద్దది బైపాస్ రోడ్డు మీద ఉంది. చిన్నది, వెనక గేటు, మా వీధిలో, మా ఇంటికి ఎదురుగా. మా వీధి చివర కాలనీ ఉంది. ఊరు ఊడ్చేవాళ్ళు, కాలువలు తీసేవాళ్ళు ఉండే కాలనీ. అక్కడి పిల్లలు మా వీధి వెంట నడిచొచ్చి ఆ చిన్న గేటులోంచి బళ్ళోకి పోయేవాళ్ళు. ఐదు నిమిషాల నడక. ఆ గేటును మూయించింది నేను. అందులో దాపరికం లేదు, మూయించాలని వీధిలో అందరికీ ఉంది. దాపరికం వేరేచోట ఉంది. అదే చెప్పుకుందామని మొదలుపెట్టాను.

మా పెద్దవాళ్ళు ఎన్నో తరాల కిందట తెలుగు దేశం నుంచి మదురైకి వచ్చారు. బళ్ళో మేం చదివింది తమిళం, అంగట్లో మాట్లాడేది తమిళం, ఇంట్లో మాత్రం తెలుగు. కాలనీ వాళ్ళూ ఇంట్లో మాట్లాడేది తెలుగే. వాళ్ళ పెద్దలూ మా పెద్దల వెంటనే వచ్చి ఉంటారు, బళ్ళు తోలుతూనో మూటలు మోస్తూనో. ఆ సంగతి మా ఇళ్ళలో ఎవరూ ఎత్తరు. నేను కొత్తకోడలిగా వచ్చిన మూడో రోజునే మా అత్తగారు చెప్పింది. "వాండ్లతో మన మాట మాట్లాడొద్దు సుగంధీ. మాట్లాడితే చుట్టరికం అవుతాది." వాళ్ళు తెలుగులో అడిగితే మేం తమిళంలో బదులు చెప్పాలి. వీధిలో ఇళ్ళన్నీ అంతే. ముప్పై ఏళ్ళు నేనూ అంతే చేశాను, ఒక్క రోజు తప్ప.

ఇరుళాయిది ఆ కాలనీ. మా వీధి ఊడ్చేది ఆమే. పొట్టి మనిషి, నాకంటే పదేళ్ళు పెద్దది. కాలనీ ఆడవాళ్ళకు ఆమె మాటంటే మాటే. రోజూ మా గుమ్మం దగ్గరికి రాగానే చీపురు ఆపి అడిగేది.

"ఏమ్మా, తింటిరా?"

"సాప్టాచ్చు," అనేదాన్ని. తిన్నానని, తమిళంలో.

"బిడ్డ ఫోన్ చేసెనా?"

"సెంజా." మా అమ్మాయి చేసిందని.

ఆమె ఎప్పుడూ చిన్నబుచ్చుకున్నట్టు కనబడలేదు. నాకు తెలుగు రాదనుకుందేమో అనుకోవడానికీ లేదు, మా ఇంట్లో అరుపులన్నీ తెలుగులోనే వీధిలోకి వినిపిస్తాయి.

ఆమె కొడుకూ కోడలూ తిరుప్పూరులో బనియన్ కంపెనీలో పని చేస్తారు. వాళ్ళ కూతురు ఇలక్కియ ఇరుళాయి దగ్గరే ఉండి చదువుకుంటోంది. ఆరో తరగతి. రెండు జడలు, ముందు పళ్ళ మధ్య సందు, నోరు మూయదు. ఎవరినైనా వరస కలిపి పిలిచే పిల్ల. నన్ను పెద్దమ్మా అనేది. నాకు ఒళ్ళు మండేది గాని, పిల్లతో ఏమంటాం.

మార్గళి నెల, అంటే ధనుర్మాసం, వస్తే నాకు ముగ్గు పిచ్చి. తెల్లవారుజామునే లేచి, వాకిలి కడిగి, ఇరవై ఒక్క చుక్కల ముగ్గు పెట్టి, పేడముద్దల మీద గుమ్మడిపూలు గుచ్చుతాను. రెండు గంటల పని. తొమ్మిది దాటితే అక్కడ ముగ్గు ఉండదు, ముగ్గుపిండి అంటిన నాలుగు వందల పాదాలు బళ్ళోకి పోతాయి. కిందటి మార్గళిలో, వైకుంఠ ఏకాదశి నాడు, ఒక తండ్రి బండి తెచ్చి నేరుగా ముగ్గు నడిమధ్యలో నిలబెట్టాడు. వెనక పిల్లల గుంపు. గుమ్మడిపూలు చక్రాల కింద నలిగాయి. నేను అరిచిన అరుపుకు అతను బండి తీయలేదు గానీ మా ఆయన కాఫీ గ్లాసు వదిలేశారు.

అప్పుడు ఇలక్కియ కాలువ గట్టు మీద ఒంటి వరసలో అడుగులు వేసుకుంటూ, చేతులు చాపుకుని నడిచి వచ్చింది. "పెద్దమ్మా, నేను తొక్కలేదు చూడండి," అంది. నిజంగానే తొక్కలేదు. ఎప్పుడూ తొక్కదు.

"పోడీ," అని కసిరాను. అత్త మీద కోపం దుత్త మీద.

ఆ మధ్యాహ్నమే అర్జీ రాశాను. నా తమిళ దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని పేరు. వెనక గేటు వద్ద బళ్ళ రద్దీ ఎక్కువగా ఉంది, ఆకతాయిలు చేరుతున్నారు, ఆడపిల్లల క్షేమం కోసం ఆ గేటు శాశ్వతంగా మూసేయాలి అని రాశాను. ఆకతాయిలు ఎవరూ లేరు. ఆడపిల్లల క్షేమం అని రాస్తే ఆఫీసుల్లో త్వరగా కదులుతుందని రాశాను. మొదటి సంతకం మా ఆయన శివరామన్‌ది. వీధిలో పద్దెనిమిది ఇళ్ళవాళ్ళు చదివి, భలే రాశావని మెచ్చుకుని మరీ పెట్టారు.

వార్డు మెంబరు కాగితం చూసి తల అడ్డంగా ఊపాడు. "గేటు వాడుకునేది కాలనీ పిల్లలు కదమ్మా. వాళ్ళ వైపు నుంచి ఒక్కరైనా ఒప్పుకున్నట్టు లేకపోతే రేపు గోల అవుతుంది. ఆ ఊడ్చే ఆవిడ ఉందే, ఆమె చేత వేలిముద్ర వేయించండి, చాలు," అన్నాడు.

నేను ఇంటికి వచ్చి అర్జీ మళ్ళీ రాశాను. ఈసారి రెండు అంశాలు పెట్టాను. ఒకటి, కాలనీ మొదట్లో కరెంటు స్తంభానికి ఏడాదిగా లైటు లేదు, వేయించండి. రెండు, వెనక గేటు మూయించండి. మొదటి కాగితంలో ఆ లైటు ఊసే లేదు. వీధివాళ్ళ చేత మళ్ళీ సంతకాలు తీసుకున్నాను. లైటు ఎందుకని ఒకరిద్దరు అడిగితే, మంచిదే కదా అన్నాను.

మర్నాడు సాయంత్రం ఇరుళాయి మనవరాలిని వెంటబెట్టుకుని వీధిలో పోతుంటే పిలిచాను.

"ఇరుళాయక్కా, ఇట్లా రాండి. కూర్చోండి."

తెలుగులో పిలిచాను. అక్కా అని పిలిచాను. ఆమె వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరైనా ఉన్నారేమోనని.

"నన్నా పిలిస్తిరి?"

"మిమ్మల్నే. రాండి."

వచ్చి అరుగు కింద మెట్టు మీద కూర్చుంది. ముఖం ఎంత వెలిగిందో నేను చూశాను. చూడలేదని అబద్ధం చెప్పను. చూసి, పని సులువుగా అయిపోతుందని సంతోషపడ్డాను.

"మీ కాలనీ మొదట్లో లైటు లేదు కదా, దానికి మను రాసినాను. అందరూ సంతకం పెట్టినారు. మీరూ రేఖ వేస్తే బాగుంటాది. చదువుతా, వినండి." మను అంటే మాకు అర్జీ, రేఖ అంటే వేలిముద్ర. అందులో మొదటి అంశం తీసుకుని ఒక్కో మాటా తెలుగులో చెప్పాను. అక్కడ ఆపాను.

ఇలక్కియ అప్పటికే కాగితం మీదికి వంగింది. "అవ్వా, నేను చదివి చెప్తా. మా టీచరు పాఠమంతా నాతోనే చదివిస్తారు," అంటూ వేలు పెట్టి మొదటి వరస మొదలుపెట్టింది.

కాగితం నా వైపు లాక్కున్నాను. "నీకు కొబ్బరి మిఠాయి పెట్టినాను, లోపల బల్ల మీద ఉండాది. పొయ్యి తీసుకో పో," అన్నాను. అంతవరకూ ఆ పిల్లను గడప దాటనివ్వలేదు నేను. పిల్ల అవ్వ ముఖం చూసింది. అవ్వ తల ఊపింది. ఇలక్కియ కాళ్ళు తుడుచుకుని, మెల్లగా, దేవుడింట్లోకి పోయినట్టు లోపలికి పోయింది.

"చిన్నది, దానికేమి తెలుస్తాది. మీరు మన మాటలో చెప్తిరి, ఇంకేమి కావాల?" అంది ఇరుళాయి. ఇంకు డబ్బాలో వేలు అద్ది, నేను చూపించిన చోట గట్టిగా ఒత్తింది. "లైటు వస్తే బిడ్డలు భయం లేకుండా వస్తారు," అంది. వేలు తుడుచుకోమని ఒక పాత గుడ్డ ఇచ్చాను.

అబద్ధం ఏం చెప్పాను? ఆ రాత్రి నుంచే నన్ను నేను అడుగుతూ వచ్చాను. లైటు సంగతి అందులో ఉంది, ఉన్నదే చదివాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఉండేది నా వాదం.

లైటు పొంగలుకు ముందే వచ్చింది. పొంగలు వెళ్ళిన వారానికి గేటుకు గొలుసు పడింది. ఆ మొదటి వారం నాకు పండగే, ఉన్నమాట చెప్పాలి. వాకిట్లో ముగ్గు సాయంత్రం వరకూ చెక్కుచెదరలేదు. కుండీలో బంతి పడలేదు. మా ఆయన అరుగు మీద కూర్చుని పేపరు చివరి పేజీ దాకా చదివారు.

ఇరుళాయి చీపురు ఆపి అంది. "మీ పుణ్యాన లైటు వచ్చెనమ్మా. కాలనీ అంతా మీ పేరు చెప్తా ఉండారు. ఈ గేటు ఏ పాపాత్ములు మూయించిరో, బిడ్డలు బైపాస్ రోడ్డు చుట్టుకుని పోతా ఉండారు. మీకేమైనా తెలుసా?"

"తెరియాదు," అన్నాను. తెలియదని. మళ్ళీ తమిళంలోకి వచ్చేశాను. పని అయిపోయింది కదా.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం, మొదటి గంట మోగిన కాసేపటికి మా ఆయన కొట్టునుంచి ఫోన్ చేశారు. బైపాస్ రోడ్డు మీద, పెద్ద గేటు ఎదురుగా, షేర్ ఆటో ఒక పిల్లను కొట్టిందట. కాలనీ పిల్లట. పేరు అడగబోయి ఆగాను. ఆయనే చెప్పారు.

ప్రాణానికి ప్రమాదం లేదు. కుడికాలు రెండు చోట్ల విరిగింది. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి లోపల కడ్డీ వేశారు. నాలుగో రోజు ఫ్లాస్కులో పాలు పోసుకుని వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నాకే తెలియదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. వార్డులో నన్ను చూడగానే ఇరుళాయి లేచి నా రెండు చేతులూ పట్టుకుంది.

"మీ వీధి వాండ్లు ఎవురూ రాలేదమ్మా. మీరు వస్తిరి."

ఇలక్కియ మంచం మీద పడుకుని ఉంది. కాలు ఎత్తి కట్టారు. నన్ను చూసి, ఆ సందు పళ్ళతో నవ్వింది. "పెద్దమ్మా, ఇప్పుడు మీ ముగ్గు ఎవురూ తొక్కడం లేదు కదా?"

వెటకారం కాదు. ఆ పిల్లకు వెటకారం రాదు. నిజంగానే నా కోసం సంతోషపడి అడిగింది. ఫ్లాస్కు అక్కడే వదిలేసి వచ్చేశాను.

మా ఆయన మెత్తని మనిషి. "మనం గేటు మూయమన్నాం గాని ఆటోని గుద్దమన్నామా? అందరూ సంతకం పెట్టినారు. నువ్వొక్కదానివే ఏడుస్తావేమి?" అన్నారు. ఆ మాటను పట్టుకుని నెల రోజులు ఈదాను. కానీ అందరూ చదివి పెట్టారు. చదవనిది ఒక్కతే. చదివే పిల్ల పక్కనే ఉంటే మిఠాయి ఇచ్చి పంపింది నేను. ఆ సంగతి మా ఆయనకు కూడా చెప్పలేదు. పన్నెండో ఎక్కంలో పిల్లలు తడబడితే అందించడం మానేశాను. బళ్ళో పిల్లల అరుపు వినిపిస్తే, ఇందులో ఆ పిల్ల గొంతు లేదని మాత్రమే వినిపించేది.

ఆ ఏడు ఇలక్కియ పరీక్షలు రాయలేదు. జూన్‌లో బడి తెరిచే ముందు ఇరుళాయి మా ఇంటికి వచ్చింది. చేతిలో పళని పంచామృతం డబ్బా.

"బిడ్డ లేచి నడిస్తే కొండకు వస్తానని మొక్కింటిని. నడుస్తా ఉండాది. కొంచెం కుంటుతాది, అంతే. మీ పేరు మీద కూడా అర్చన చేయిస్తిని. నక్షత్రం తెలియదు, సుగంధి అమ్మ అని చెప్తిని." డబ్బా నా చేతిలో పెట్టి, వచ్చిన పని చెప్పింది. "ఆ కాలితో అది బైపాస్ రోడ్డు చుట్టుకుని పోలేదు. ఆటో అంటే ఒణుకుతాది. ఈ గేటు తెరిస్తే పోతానంటాది. లేకపోతే ఆండిపట్టిలో దాని అత్త ఉండాది, కానుపు అయినాది, బిడ్డను చూసుకోడానికి పంపించమంటా ఉండారు. ఆడికి పోతే ఇంక చదువు లేదు. నాకు తెలుసు, నా కూతురి చదువు అట్లే పొయ్యె. మీరు రాస్తే లైటు వచ్చెనమ్మా. ఇంకొక మను రాయండి."

మా ఆయన లోపల్నుంచి నా వైపు చూశారు. రాసి ఇచ్చి ఊరుకో, వెంట పోవద్దు అని ఆ చూపు. పాత అర్జీ ఆఫీసులో ఉంటుందని ఆయనకూ తెలుసు. నేను రాశాను. రాసి, వెంట కూడా వెళ్ళాను. మంచితనం అనుకోకండి. అక్కడ ఎవరైనా పాత కాగితం తీస్తే మాట మార్చడానికి నేను పక్కనుండాలని వెళ్ళాను.

కార్పొరేషన్ మండల ఆఫీసులో సోమవారం అర్జీల రోజు. బల్ల వెనక ఉన్న గుమాస్తా పిల్ల పేరు రంజని అని బోర్డు మీద ఉంది. చదివి, బీరువాలోంచి ఒక ఫైలు తీసింది. నేను నోరు తెరిచేలోపే కాగితాలు తిప్పి, ఒకచోట వేలు పెట్టింది. అన్నీ తమిళంలోనే.

"ఈ గేటు మూసింది వీధివాళ్ళ అర్జీ మీదే. ఆడపిల్లల క్షేమం కోసం మూయాలని రాశారు. కాలనీ వాళ్ళ సమ్మతి కూడా ఉంది. ఇదిగో, ఇరుళాయి, వేలిముద్ర. మీరే కదా? మూయమని మీరే అడిగి, తెరవమని మీరే అడిగితే ఎలా పాటీ?" పాటీ అంటే అవ్వ.

ఇరుళాయి ముందుకు వంగి తన వేలిముద్ర చూసింది. అక్షరాలు రావు గాని అది తనదని తెలిసింది. తన బొటనవేలు తిప్పి చూసుకుంది. తర్వాత నా వైపు చూసింది. కోపంగా కాదు. నేను ఏదో చెబుతాననీ, ఇదంతా పొరపాటని తేలిపోతుందనీ ఎదురుచూస్తున్నట్టు చూసింది.

నేను కింద నేలను చూశాను.

"నా రేఖే," అంది ఇరుళాయి ఆ అమ్మాయితో. "లైటుకని వేసినాను. ఇది కూడా ఉండాదని నాకు తెలియలేదు. నాకు బుద్ధి లేదు."

"తెలియకుండా వేలిముద్ర వేస్తారా పాటీ? చదివించుకుని కదా వేయాలి," అంది రంజని. చదివించుకునే వేసింది. ఆ మాట నా నోటి దాకా వచ్చి ఆగింది. నేను నోరు మూసుకుంటే ఇక్కడితో అయిపోతుంది. తప్పు చదువురాని ముసలమ్మదే అవుతుంది, అందరూ నమ్ముతారు, ఆమె కూడా నమ్ముతుంది. రంజని ఫైలు మూసి తాడు చుట్టింది. ఒక చుట్టు, రెండో చుట్టు. ఇరుళాయి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఆమె తప్పు కాదు," అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. మళ్ళీ చెప్పాను. "సగమే చదివి వినిపించాను. గేటు సంగతి కావాలనే చెప్పలేదు. ఆమె మనవరాలు చదువుతానంటే చదవనివ్వలేదు. మోసం చేసి వేయించుకున్నాను."

వెనక వరసలో ఉన్నవాళ్ళు మాట్లాడుకోవడం ఆపారు. రంజని నన్ను పైనుంచి కిందికి చూసింది. నా మెడలో గొలుసు, పట్టు అంచు చీర, చేతి సంచీ, అన్నీ చూసింది. తెల్ల కాగితం నా ముందుకు తోసి, "అదే రాసివ్వండి," అంది.

రాశాను. ముత్యాల్లాంటి నా దస్తూరీ వంకరలు పోయింది. సంతకం పెట్టి కాగితం రంజనికి ఇవ్వబోతే ఇరుళాయి చెయ్యి అడ్డం పెట్టింది. తమిళంలో రంజనితో అంది.

"నువ్వు చదువమ్మా. మొదట్నుంచి చివరిదాకా. ఏదీ విడిచిపెట్టవద్దు."

రంజని చదివింది. ఇరుళాయి ఒక్కో మాటకూ తల ఊపుతూ విన్నది. అంతా అయ్యాక, ఇంకేమైనా మిగిలిందా అని అడిగింది. లేదని రంజని రెండు పక్కలా తిప్పి చూపించింది. అప్పుడు వేలు ముందుకు చాపింది.

బయట బస్టాపులో పక్కపక్కనే నిలబడ్డాం. ఎండ మాడ్చేస్తోంది. క్షమించమని ఏ భాషలో అడగాలో తెలియలేదు. ఆమే మాట్లాడింది.

"ఆ దినం బిడ్డ చదువుతానన్నె. మీరు మిఠాయి ఇస్తిరి."

"అవునక్కా."

"సగం నా చేతిలో పెట్టె. పెద్దమ్మ మనల్ని లోపలికి పిలిచిరి అవ్వా, అని కాలనీ అంతా చెప్పుకుని వచ్చె."

బస్సు వచ్చింది. ఆమె ముందు తలుపు నుంచి ఎక్కింది. నేను వెనక తలుపు నుంచి ఎక్కాను.

మూడు వారాలకు గేటు గొలుసు తీశారు. వీధిలో సగం మంది నాతో మాట మానేశారు. మా ఆయన అరుగు మీద పేపరు చదవడం మానేశారు. బంతి మళ్ళీ తులసి కుండీలో పడుతోంది. ఇలక్కియ మళ్ళీ ఆరో తరగతిలోనే చేరింది, తనకంటే చిన్నపిల్లలతో. కుంటుకుంటూ వస్తుంది. ఇప్పుడు కాలువ గట్టు మీద ఒంటి వరసలో నడవలేదు. అందుకని ముగ్గు చిన్నదిగా వేస్తున్నాను, గోడ వారగా, మనిషి నడవడానికి వాకిలంతా వదిలి.

మొన్న మార్గళి మొదటి రోజు ఇద్దరూ కలిసి వస్తున్నారు. ఇరుళాయి చేతిలో చీపురు, ఇలక్కియ వీపున పుస్తకాల సంచీ. నేను ముగ్గు చిప్ప కింద పెట్టి లేచి నిలబడ్డాను. వీధిలో తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. గట్టిగానే అడిగాను, తెలుగులో.

"ఇరుళాయక్కా, బాగుండారా? కాఫీ తాగి పోదురు, లోపలికి రాండి."

ఆమె ఆగింది. మర్యాదగా చీపురు మరో చేతికి మార్చుకుంది.

"నల్లా ఇరుక్కేంగమ్మా. సాప్టాచ్చు," అంది. బాగున్నాను, తిన్నాను. ముప్పై ఏళ్ళు నేను ఆమెకు ఇచ్చిన జవాబే, అదే తమిళంలో.

ఇలక్కియ నా ముగ్గు వైపు చూసి నోరు తెరిచింది, ఏదో అనబోయింది. అంతలో అవ్వ ముఖం చూసి నోరు మూసుకుంది. గంట మోగింది. పిల్ల గేటు వైపు నడిచింది.